జాజ్ రసికుల కండ్లగంతలాట

రేడియో మీట త్రిప్పునప్పటికి పాట సగము నడచిపోయియుండును. గాయకుని పేరు ముందే చెప్పివేసియుందురు. ఇంటిలోని పెద్దవారు చేతిలోని పత్రికను ప్రక్కన బెట్టి, ఇది కాంభోజియా, హరికాంభోజియా అని ఒక క్షణము ఆలోచింతురు. పిమ్మట కంఠపు జీరను బట్టి, గమకము వేయు తీరును బట్టి, పాడువారెవరో నిర్ణయింతురు. పాట ముగిసి అనౌన్సరు నోరు విప్పువరకు ఆ ఇంట చిన్న పందెము నడచుచునే యుండును. ఈ వినోదము మన శ్రోతలకు క్రొత్త కాదు. అయితే ఈ వినోదమునకే నియమములు కల్పించి, నెలకొక పర్యాయము జరుపుచు, దానికొక సాహిత్యమును, ఒక చరిత్రను సమకూర్చుకొన్నవారు అమెరికా, ఐరోపాలలోని జాజ్ రసికులు. ఆ చరిత్రను ఇచ్చట కొంత చెప్పదలచితిమి. ఆట చిన్నదే కాని, అది తాకిన ప్రశ్నలు చిన్నవి కావు.

జాజ్ అనునది ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణభాగమున, ముఖ్యముగా న్యూ ఆర్లియన్స్ నగరమున, నల్లజాతివారి నడుమ రూపుదాల్చిన సంగీతము. దాని వాద్యకాండ్రు వ్రాసియున్న వరుసను వల్లించుటతో తృప్తిపడరు. అప్పటికప్పుడు కల్పించుచు వాయింతురు. మన మనోధర్మ సంగీతముతో దీనికి పోలిక కలదు గాని, ఆ పోలికను మిక్కిలి సాగదీయరాదు. మనవారి కల్పన రాగమునకు కట్టుబడియుండగా, వారిది పాటలోని స్వరసమ్మేళనముల వరుసకు కట్టుబడియుండును. ఒకే పాటను నూరుగురు నూరు విధముల వాయించి రికార్డు చేసిరి. కనుక పాట ఏదో కనుగొన్నంతమాత్రమున ఏమియు కనుగొన్నట్లు కాదు. వాయించినది ఎవరు, ఏ కాలమున, ఎవరితో కూడి అనునదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మొదట ఆటగా పుట్టలేదు, అక్కరగా పుట్టినది. మన దేశమున 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తొలి గ్రామఫోను ప్లేట్లు ఇచ్చినప్పుడు, పాట చివర తన పేరు తానే చెప్పుకొనెను. ప్లేట్లు జర్మనీలోని హానోవరు నగరమున అచ్చగుచుండెను. అచ్చటి పనివారికి ఏ పాట ఎవరిదో తెలియుటకై ఆ ఏర్పాటు జరిగినదందురు. జాజ్ వాద్యకాండ్రకు అట్టి భాగ్యము లేదు. 1917లో తొలి జాజ్ ప్లేటు వెలువడినది మొదలు చాలకాలమువరకు ప్లేటు నడుమ నంటించిన కాగితముపై పాట పేరు, బృందము పేరు మాత్రమే యుండెడివి. ట్రంపెట్ ఊదినదెవరో, పియానో వాయించినదెవరో కొన్నవారికి చెప్పవలెనను తలంపు కంపెనీలకు కలుగలేదు. ఆ మాటకు వచ్చిన, ఆ వాద్యకాండ్రను కళాకారులని కంపెనీలు తలచినదే అరుదు. వారికి కూలి ముట్టచెప్పి పంపివేసెడివారు.

పైగా ఉన్న పేర్లయినను నిజమైనవన్న నమ్మకము లేదు. డ్యూక్ ఎలింగ్టన్ బృందము ఒక కంపెనీకి స్వంత పేరున వాయించి, బ్రన్స్విక్ కంపెనీకి ‘జంగిల్ బ్యాండ్’ అను పేరునను, ఓకే కంపెనీకి ‘హార్లెమ్ ఫుట్‌వార్మర్స్’ అను పేరునను వాయించెను. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఓకే కంపెనీతో ఒడంబడిక చేసికొనియుండియు, 1926లో తన బృందముతోనే ‘లిల్స్ హాట్ షాట్స్’ అను మారుపేరు క్రింద వోకాలియన్ కంపెనీకి ప్లేట్లు ఇచ్చెను. మారువేషమంతయు కాగితముమీదనే, ఆ ట్రంపెట్టును, ఆ బొంగురు కంఠమును ఒకసారి విన్నవాడు పోల్చుకొనకుండుట ఎట్లు?

ఇవి కంపెనీల మోసములు, బ్రతుకుతెరువు తిప్పలు. వీనికంటె బాధాకరమైన మారుపేరు ఒకటి కలదు. ఆ కాలమున అమెరికా కంపెనీలు నల్లజాతివారి కొనుగోలుకై వేరు పట్టీలు నడిపెడివి; సంగీతమునకును రంగుగీత గీచియుండిరి. 1928, 1929 సంవత్సరములలో ఇద్దరు గొప్ప గిటారు విద్వాంసులు కలిసి కొన్ని జంట వాద్యముల ప్లేట్లు ఇచ్చిరి. ఒకరు లానీ జాన్సన్, నల్లజాతివాడు. రెండవవాడు ఎడ్డీ లాంగ్, ఇటలీ సంతతికి చెందిన తెల్లవాడు. ఇద్దరి పేర్లు ప్రక్కప్రక్కన అచ్చుపడరాదు గనుక లాంగ్ ‘బ్లైండ్ విల్లీ డన్’ అయ్యెను. అనగా ఒక గ్రుడ్డి నల్లవాద్యకాని పేరు ధరించెను. కొన్నవారు నమ్మిరి. జాతిభేదమును కనిపెట్టు చూపు కండ్లకే గాని చెవులకు లేదనుటకు ఇంతకంటె తొలి నిదర్శనము మాకు తెలియదు. ఈ సంగతిని శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పని కలదు.

పేర్లు లేనప్పుడు, ఉన్న పేర్లు దొంగవైనప్పుడు, ప్లేట్లు పోగుచేయువారికి చెవియే దిక్కు. ఎలింగ్టన్ బృందములోని బబ్బర్ మైలీ ట్రంపెట్ మూతిని అడ్డుకొని పులివలె గుర్రుమనిపించెడివాడు. ఆ గుర్రు వినబడినచో కాగితముపై ఏ పేరున్నను లెక్కలేదు. ఇట్లు విని విని గుర్తించినవానిని, వాద్యకాండ్రనే అడిగి తెలిసికొన్నవానిని చేర్చి, ఫ్రాన్సు దేశీయుడైన చార్లెస్ డెలోనే 1936లో ‘హాట్ డిస్కోగ్రఫీ’ అను గ్రంథము ప్రకటించెను. ఏ ప్లేటులో ఎవరెవరు ఏ వాద్యము వాయించిరో చెప్పు జాబితా అది. సంగీతమును పుట్టించిన దేశమున గాక, సముద్రము కీవలి ఒడ్డున అట్టి గ్రంథము పుట్టుట వింతగా తోచవచ్చును. అమెరికాలో ఆ సంగీతము ఇంటి ప్రక్క హోటలులో వినబడునది. పారిసులో అది దూరదేశమునుండి ప్లేటురూపమున వచ్చు నిధి. నిధిని లెక్కపెట్టుకొనుట సహజము కదా!

పారిసు నగరమున 1932లో ‘హాట్ క్లబ్’ వెలసినది. లండనులో 1933లో ‘నంబర్ 1 రిథమ్ క్లబ్’ ఏర్పడగా, దానిని చూచి ఇంగ్లండు పట్టణములందంతట అట్టివి లేచినవి. సభ్యులు ఒక గదిలో చేరుదురు; ఒకరు తన ప్లేట్లు తెచ్చి వినిపించి వానిని గూర్చి మాటలాడుదురు; తక్కినవారు విందురు, వాదులాడుదురు. ఇట్టిచోట ఒకడు ప్లేటుపై చేయి కప్పి “ఇది ఎవరో చెప్పుడు” అనుటకు ఎంతసేపు పట్టును? ఈ ఆటను కనిపెట్టిన ఘనత ఏ ఒక్కనికి ఇచ్చుటకును మాకు మనసొప్పదు.

నెలనెలా జరుగు ఆట పద్ధతి స్థూలముగా ఇట్లుండును. ఆ నెలకు ఒకరు పెత్తనము వహింతురు. పెత్తందారు పది పండ్రెండు రికార్డులు ఎన్నుకొని, పేర్లేమియు చెప్పక అంకెలు మాత్రమిచ్చి వినిపించును. టేపు యంత్రములు వచ్చిన పిదప వానిని టేపుకెక్కించి ఊరూరి మిత్రులకు తపాలా ద్వారా పంపుటయు వాడుకలోనికి వచ్చినది. విన్నవారు తమ ఊహలు వ్రాయుదురు. పుస్తకములు తిరుగవేయరాదు; ఒకరి జవాబు మరియొకరు చూడరాదు. గడువు తీరిన పిమ్మట జవాబులు వెల్లడియగును, మరుసటి నెల పెత్తనము మరియొకరిది. నియమములలో మిక్కిలి మంచిది ఒకటి కలదు: పేరు కనుగొనలేకపోయినను, విన్నది బాగున్నదా లేదా, ఎందుచేత అని చెప్పి తీరవలెను. ఈ నియమము లేనిచో ఆట జ్ఞాపకశక్తి ప్రదర్శనగా దిగజారిపోవును. ఉన్నందువలన, ఏమియు పోల్చుకొనలేని క్రొత్తవాని మాట ఒక్కొక్కసారి పండితుని మాటకంటె విలువైనదగుచుండును.

పెత్తందారు పని తేలిక కాదు. ఎవ్వరును విననివే ఏరి తెచ్చి తన అల్మారా గొప్ప చాటుకొనువాడు ఆటకు శత్రువు. అందరును ఎరిగినవే తెచ్చువాడు ఆటకు నిద్రమందు. ఎరిగిన కళాకారుని ఎరుగని కోణమున చూపువాడే నిజమైన పెత్తందారు. ఉదాహరణకు నాట్ కింగ్ కోల్ పేరు చెప్పగానే లోకమునకు మెత్తని గాయకుని కంఠము జ్ఞాపకమునకు వచ్చును. ఆయన మొదట గొప్ప జాజ్ పియానో వాద్యకాడు. 1946లో శాక్సొఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగుతోను, డ్రమ్ములు వాయించు బడ్డీ రిచ్‌తోను కూడి, మరియొక కంపెనీతో ఒడంబడిక యున్నందున మారుపేరున, రికార్డు చేసెను. ఆ పియానో వినిపించి ఎవరని అడిగినచో గాయకుని పేరు చెప్పుటకు ఎందరికి నోరాడును?

ఇక అనుకరించువారు తెచ్చిపెట్టు చిక్కు వేరు. లెస్టర్ యంగును తోటివారు ‘అధ్యక్షుడు’ అను అర్థమున ‘ప్రెజ్’ అని పిలిచెడివారు. ఆయన బాణీని అచ్చముగా పట్టిన పాల్ క్వినిషెట్‌కు ‘ఉపాధ్యక్షుడు’ అను బిరుదు దక్కినది. టేపుమీద అధ్యక్షునికిని ఉపాధ్యక్షునికిని భేదము చెప్పుట ఓట్ల లెక్కకంటె కష్టము. సోనీ స్టిట్ అను వాద్యకాడు, చార్లీ పార్కరుతో ప్రతివారును పోల్చుచున్నందున విసుగుజెంది, ఆల్టో శాక్సొఫోనును కొంతకాలము ప్రక్కనబెట్టి టెనర్ శాక్సొఫోనును చేపట్టెను.

వాద్యమే గాక, రికార్డు ధ్వనియు ఆధారమిచ్చును. 1925కు పూర్వము మైక్రోఫోను లేదు. వాద్యకాండ్రు పెద్ద బూరా ఎదుట నిలిచి వాయించెడివారు. పెద్ద డ్రమ్ము మ్రోగినచో సూది ఎగిరిపోవునను భయముచే దానిని మానుకొనెడివారు. కనుక తాళము పలుచగా, దూరముగా వినబడినచో కాలనిర్ణయము సగము అయినట్లే. మూడు నిమిషములకే కథ ముగిసినచో అది 78 చుట్ల ప్లేటుదని ఊహింపవచ్చును. న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ తలిదండ్రుల ఇంటి ముందుగదిలో మొదలిడి, 1959 నుండి స్వంత స్టూడియోలో చేసిన రికార్డింగులను, ఒక్క స్వరము విని ‘ఇది ఆ గదిది’ అని చెప్పగల శ్రోతలు కలరు. 1948లో దీర్ఘవాదన ప్లేట్లు వచ్చి, అట్టల వెనుక వాద్యకాండ్ర పేర్లన్నియు అచ్చగుట ఆచారమైన పిమ్మట ఆట స్వభావమే మారినది. అంతకు పూర్వము అజ్ఞానము నిజమైనది. అటుపైన కోరి కప్పుకొన్నది.

ఈ ఆటను పత్రికకెక్కించి ప్రసిద్ధి చేసినవాడు లియొనార్డ్ ఫెదర్. 1914లో లండనులో జన్మించి, న్యూయార్కులో స్థిరపడి, విమర్శకుడుగా, గీతకర్తగా, రికార్డింగుల నిర్వాహకుడుగా పేరొందెను. 1946లో ‘మెట్రొనోమ్’ అను మాసపత్రికలో ‘బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్’ అను శీర్షిక మొదలిడెను. ‘కండ్లగంతల పరీక్ష’ అనవచ్చును. గంతలు నిజముగా కట్టెడివారు కాదనుకొనుడు. మొదటగా పరీక్షకు కూర్చున్నది పియానో విదుషీమణి మేరీ లూ విలియమ్స్. ఫెదర్ యుక్తి ఏమనగా, ఆయన పరీక్షకు కూర్చుండబెట్టినది అభిమానులను కాదు, వాద్యకాండ్రనే. రికార్డు వినిపించును, ఎవరిదో చెప్పడు, విన్నవారు తోచినది మాటలాడి, ఐదు నక్షత్రములకు ఎన్ని ఇత్తురో చెప్పవలెను. 1951లో ఫెదర్ ఈ శీర్షికను ‘డౌన్ బీట్’ పత్రికకు తరలించెను. 1994లో ఆయన మరణించిన తరువాతను అది ఇతరుల చేతులలో సాగినది.

దాని ఆకర్షణ ఎచ్చటనున్నదో ఊహించుట కష్టము కాదు. వేదికమీద ఒకరినొకరు పొగడుకొనువారు, పేరు తెలియనప్పుడు నిజము పలుకుదురు. మిత్రునికి ఒక నక్షత్రమిచ్చి, వైరికి ఐదిచ్చి, పేరు విని నాలుక కరచుకొందురు.

1951లో జరిగిన ఒక పరీక్ష మాత్రము వినోదపు హద్దు దాటినది. కూర్చున్నవాడు రాయ్ ఎల్డ్రిడ్జ్, ఆ తరమున ట్రంపెట్ వాద్యమునకు మకుటమువంటివాడు. ఆయన నల్లజాతివాడు. 1941లో జీన్ క్రూపా బృందమునను, 1944లో ఆర్టీ షా బృందమునను, తెల్లవారి నడుమ ఒంటరిగా చేరి దేశమంతట తిరిగెను. తోటివారు బసచేసిన హోటలులో ఆయనకు గది దొరకదు. తోటివారు భుజించిన చోట పీట దొరకదు. ద్వారముపై తన పేరు దీపములతో వెలుగుచుండగా, అదే ద్వారమున తన్ను లోనికి రానీయని రాత్రియు ఆయన చూచెను. ఇట్టివాడు 1950లో పారిసు వెడలి, అచ్చట మనుష్యునిగా మన్నన పొంది, 1951లో తిరిగి వచ్చి, ఫెదర్‌తో ఒక మాటనెను: వినినంతనే వాయించువాడు నల్లవాడో తెల్లవాడో తాను చెప్పగలనని.

ఫెదర్ పరీక్ష పెట్టెను. నల్లవారివి, తెల్లవారివి, ఇరువురు కలిసి వాయించినవి కలగలిపి వినిపించెను. ఎల్డ్రిడ్జ్ ఎక్కువ రికార్డుల విషయమున తప్పు చెప్పెను, లేదా ఏమియు తేల్చలేకపోయెను. తుదకు, రికార్డు విని మాత్రము చెప్పుట సాధ్యము కాదని నిజాయితీతో ఒప్పుకొనెను. ఈ ఫలితము ఆ సంవత్సరము డౌన్ బీట్‌లో వెలువడి, నేటికిని జాజ్ చరిత్రకారులు ఉదహరించు ఘట్టమైనది.

దీనినుండి ఏమి తేలినది? జాతి రక్తమున నుండును, అది వాద్యమునకు దిగును అను సిద్ధాంతము చెల్లదని తేలినది. అంతవరకు ఫెదర్ గెలిచెను. కాని ఆ ఫలితమును చేతబట్టి, నల్లవారికిని తెల్లవారికిని సంగీతమున భేదమే లేదు గనుక ఎల్డ్రిడ్జ్ పడిన బాధయు అపోహయే యని సూచించువారితో మేము ఏకీభవింపజాలము. ఆయన అనుభవము ద్వారమువద్దది, హోటలు మెట్లమీదిది. దానిని గ్రామఫోను ప్లేటు ఖండింపజాలదు. మరియొక సంగతి. రికార్డులు ఎన్నుకొన్నవాడు ఫెదర్. తెల్లవారు నల్లవారి బాణీని అభ్యసించి ఆరితేరిన కాలమది. ఏ రికార్డులు ఎన్నుకొన్న ఏ జవాబు వచ్చునో పెత్తందారునికి ముందే కొంత తెలిసియుండును. ఈ ఆటలో కండ్లకు గంతలు కట్టబడునది ఒకరికే. ఎడ్డీ లాంగు తెల్లవాడై యుండియు నల్లపేరు పెట్టుకొన్ననాడు కొన్నవారు పోల్చుకొనలేకపోయిరి కదా! అంగడిలో గీత గీచినవారికి ఆ గీత సంగీతమున లేదని 1929లోనే తెలియును, తెలిసియు గీచిరి. ఎల్డ్రిడ్జ్ ఓడినాడని నవ్వుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

మైల్స్ డేవిస్ పెక్కు పర్యాయములు ఈ పరీక్షకు కూర్చుండెను. ఆయన వాడినాలుకకై పాఠకులు ఎదురుచూచెడివారు. 1964 జూన్‌లో అచ్చైన పరీక్షలో ఎరిక్ డాల్ఫీ రికార్డు వినిపింపగా, వాయించినది డాల్ఫీయే అని డేవిస్ గుర్తించెను, ఇంత చెడుగా వాయించువాడు మరియొకడుండడను అర్థము వచ్చునట్లు. పోల్చుకొనుటలో తప్పు లేదు; తీర్పులో దయ లేదు. డాల్ఫీ అప్పటికి ఐరోపాలో ఉండెను. ఆ నెల 29వ తేదీన, ముప్పదియారేండ్ల వయస్సున, మధుమేహముచే బెర్లిను నగరమున మరణించెను. డేవిస్ మాటకును ఆ మరణమునకును సంబంధము లేదు. అయినను ఆ సంచికను, ఆ మరణవార్తను ఒకే మాసమున చదివిన రసికులకు మనసెట్లుండెనో ఊహింపవచ్చును. డాల్ఫీ రికార్డులు అటుపిమ్మట మిక్కిలి గౌరవము పొందినవి.

పండితుల విషయమున ఆట పరిశోధనగా పరిణమించుటయు కలదు. 1945 నవంబరు 26న చార్లీ పార్కర్ సవాయ్ కంపెనీకి ‘కోకో’ అను ప్రసిద్ధ రికార్డు చేసెను. ట్రంపెట్ పందొమ్మిదేండ్ల మైల్స్ డేవిస్‌దా, డిజ్జీ గిలెస్పీదా? పియానో వాయించినది ఎవరు? కాగితముమీద ‘హెన్ గేట్స్’ అను మారుపేరు. రసికులు ఏండ్ల తరబడి వాదులాడిరి. ట్రంపెట్ గిలెస్పీదని తేలినది. పియానో విషయమున, గిలెస్పీయు ఆర్గాన్ థార్న్‌టన్ అను మరియొక వాద్యకాడును ఆనాడు వంతులుగా కూర్చుండిరని వినికిడి. పార్కరు కూడ 1953లో టొరాంటో నగరపు మాసీ హాలు కచేరీ ప్లేట్లలో ఒడంబడిక చిక్కువలన ‘చార్లీ చాన్’ అయ్యెను. అది కథలలోని ఒక అపరాధపరిశోధకుని పేరు. పరిశోధకులకు పని పెట్టువాడు పరిశోధకుని పేరే పెట్టుకొనుట మాకు ముచ్చటగా తోచినది.

మన దేశమునకు ఈ కథతో సంబంధము లేకపోలేదు. విల్లిస్ కానొవర్ అను అనౌన్సరు 1955 నుండి 1996లో మరణించువరకు వాయిస్ ఆఫ్ అమెరికాలో జాజ్ ప్రసారములు నడిపెను. ఆ సంస్థ ప్రసారములు స్వదేశమునకు ఉద్దేశింపబడనివి గనుక అమెరికాలో ఆయన పేరు ఎరిగినవారు కొందరే, భారతదేశము మొదలు పోలండు వరకు ఎరిగినవారు అనేకులు. షార్టువేవుమీద ధ్వని తేలుచు మునుగుచు వచ్చునప్పుడు, కళాకారుని పేరు చెప్పు క్షణముననే మునిగినచో, శ్రోతకు కోరకయే కండ్లగంతలు కట్టినట్లగును.

టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను పియానో వాద్యకాడు కలడు. 1920 దశకమున చికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రక్కన వాయించి, 1926లో ఆసియా చేరి, షాంగైలోను, బొంబాయి తాజమహల్ హోటలులోను, కలకత్తా గ్రాండ్ హోటలులోను బృందములు నడిపెను. 1937లో పారిసులో, డెలోనే పాలుపంచుకొని స్థాపించిన ‘స్వింగ్’ కంపెనీకి ఏకవాద్య ప్లేట్లు ఇచ్చెను. యుద్ధకాలమున కలకత్తాలో కొలంబియా కంపెనీకి మరికొన్ని ఇచ్చి, 1945లో అచ్చటనే విషూచి సోకి మరణించెను. చికాగోలో కొనసాగియున్నచో పాఠ్యగ్రంథములకెక్కదగినవాడని విమర్శకులు చెప్పుదురు. నెలసరి ఆటకు పెత్తనము వహించు మిత్రుడెవరైనను ఆ కలకత్తా ప్లేట్లలో ఒకటి సంపాదించి, పేరు చెప్పక, ఐదవ అంకె క్రింద చేర్చినచో, వచ్చు జవాబులు చదువవలెనని మాకు ఆశ కలదు.